ఆరు తక్బీర్లు

ధర్మవరం,
28-5-1959

చిరంజీవి ఫకృద్దీనుకు మీ నాయన దస్తగిరి దువా చేసి రాసేది ఏమంటే, అల్లా దయవల్ల ఇక్కడ నేనూ మీ అమ్మా బాగున్నాము. నాగార్జునసాగరం కట్ట మీద ఆ ఎండల్లో రాతిపని చేస్తున్న నువ్వు కూడా బాగుండాలని ఐదు పూటలా కోరుకుంటున్నాము.

నీ జాబు అంది పదిహేను రోజులైంది. జవాబు ఆలస్యమైంది, దానికి కారణం ఉంది. అడిగినవాటికి వరసగా చెబుతాను. మన వెనక గోడ పడిపోలేదు, కొంచెం ఒరిగింది. పక్కింటి చెన్నకేశవులు మగ్గం దిగి వచ్చి సాయం పడితే మట్టి మెత్తి నిలబెట్టాము. వాళ్ల అమ్మాయి పెండ్లికి నాలుగు పరుపులు కుట్టమన్నాడు. ఇల్లంతా దూదే. మీ అమ్మ దగ్గు తగ్గింది. నా మోకాలి నొప్పి ఎట్లుందని అడిగావు, ఆ సంగతి కింద రాస్తాను.

అక్కడ కొట్టాల్లో మనవాళ్లు నలభై మంది ఉన్నారనీ, బక్రీదుకు ఏ ఊరి ఈద్గాకూ పోయి రావడానికి వీల్లేదనీ, అందరూ కలిసి నిన్నే ముందు నిలబడి నమాజు చదివించమన్నారనీ రాశావు. "నలభై ఏండ్లుగా పండగ నమాజు చదువుతున్నావు కదా నాయనా, ఎట్ల చేయాల్నో వివరంగా రాయి" అన్నావు. రాస్తున్నాను, జాగ్రత్తగా చదువుకో.

ఆ పొద్దున స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకోండి. బక్రీదునాడు నమాజు అయ్యేదాకా ఏమీ తినకుండా ఉంటే మంచిది. దారిపొడవునా అల్లాహు అక్బర్ అని తక్బీరు పలుకుతూ పోండి. పొద్దు బారెడు ఎక్కినాక మొదలుపెట్టు. దీనికి అజాన్ పిలుపు లేదు, నిలబడేముందు చెప్పే ఇఖామత్ లేదు. రెండే రకాతులు. మనసులో నీయతు చేసి, అల్లాహు అక్బర్ అని చేతులు కట్టుకుని సనా స్తుతి చదివినాక, మూడు తక్బీర్లు ఎక్కువ వస్తాయి. మొదటి రెండింటికి చేతులు చెవులదాకా ఎత్తి కిందికి వదిలేయాలి. మూడోదానికి ఎత్తి కట్టుకోవాలి. ఆపైన ఫాతిహా, సూరా, రుకూ, సజ్దా ఎప్పటిలాగే. రెండో రకాతులో ముందు ఫాతిహా, సూరా చదివేసి, అప్పుడు మూడు తక్బీర్లు. ఈ మూడింటికీ చేతులు ఎత్తి వదిలేయడమే. నాలుగో తక్బీరుకు చేతులు ఎత్తకుండా రుకూకు వంగాలి. చాలామంది తప్పేది అక్కడే. సలాం తిప్పి నమాజు ముగించినాక ఖుత్బా ప్రసంగం. శుక్రవారం జుమ్మాకు అది ముందు వస్తుంది, పండగకు తర్వాత.

ఇదంతా చదివి, మా నాయనకు ఎంత తెలుసో అనుకుంటావు. ఫకృద్దీనూ, పది రోజుల క్రితం వరకూ ఇందులో ఏదీ నాకు సరిగ్గా తెలియదు.

రోజువారీ నమాజులు వచ్చు. పండగ నమాజు మాత్రం పక్కన నిలబడే మస్తానప్ప చేతులను ఓరకంట చూసి ఎత్తేవాణ్ణి, దించేవాణ్ణి. మా నాయన నాకు దూది ఏకడం నేర్పాడు గానీ ఇది నేర్పలేదు. ఆయనకూ తెలియదేమో. పెద్దవాణ్ణయ్యాక ఒకరిని అడగాలంటే సిగ్గు. మొన్న రంజాను పండగకు, నమాజు చదివించే పేష్ఇమాం గారు జ్వరంతో రాలేకపోయారు. ఈద్గాలో అందరూ నా వైపు తిరిగారు. "దస్తగిరీ, పెద్దోనివి, నువ్వు నిలబడప్పా" అని చెయ్యి పట్టి లాగారు. మోకాలు పట్టుకుని, "కాలు లేస్తా లేదబ్బా" అని కూలబడ్డాను. హిందూపురం నుంచి అత్తగారింటికి వచ్చిన దర్జీ ఒకాయన చదివించాడు. నేను కూర్చునే చదివి, కుంటుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ మోకాలికి ఏ నొప్పీ లేదు నాయనా. మీ అమ్మ నెల రోజులు వావిలాకు కాచి కాపడం పెట్టింది. నేను పెట్టించుకున్నాను.

నీ జాబు వచ్చిన మరునాడు, పరుపుగుడ్డ కొనుక్కొస్తానని చెప్పి పెనుకొండ రైలెక్కాను. నన్ను ఎరగనివాళ్లను అడుగుదామని. మసీదు మెట్ల మీద పొద్దు వాలేదాకా కూర్చున్నాను. తెల్లగడ్డం పెట్టుకుని ఎట్ల అడిగేది? అడగకుండానే తిరిగి వచ్చాను.

మీ అమ్మ దూదిలో గింజలు ఏరుతోంది. "గుడ్డ యాడ?" అంది.

"దొరకలేదు."

"పొద్దున కుంటకుండా పోతివి. కాలు బాగైందా, మొదుట్నుంచీ బాగానే ఉండాదా?"

ఇక దాచలేక మొత్తం చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె చేతిలోని దూది పక్కన పెట్టి, "ఇంతదానికి పెనుకొండకు పోవాల్నా? నన్ను అడగకూడదా?" అంది.

మీ అమ్మ తండ్రి వాళ్ల ఊర్లో ఇంటి పంచలో పిల్లలకు నమాజు నేర్పేవాడు. తలుపు వెనక పని చేసుకుంటూ ఈమె అన్నీ విని నేర్చుకుందట. ఇంత వయసొచ్చినా ఈద్గాలో అడుగు పెట్టలేదు, ఒక్కసారీ వరసలో నిలబడలేదు. అయినా ఆరు తక్బీర్లూ ఆమెకు తెలుసు.

దూది కొట్టంలో నన్ను పడమటి దిక్కుకు నిలబెట్టి, వెనక కూర్చుని చెప్పింది. "ఎత్తు, వదులు. ఎత్తు, వదులు. ఎత్తు, కట్టు." రెండో రకాతులో నేను చేతులు కట్టుకోబోతే, "ఆడ కట్టొద్దయ్యా, వదిలేయాల!" అని కేకేసింది. నాకు మూడు రోజులు పట్టింది.

శుక్రవారం జుమ్మా అయ్యాక మస్తానప్పను పక్కకు పిలిచి, "ఇన్నేండ్లూ నీ చేతులు చూసి ఎత్తినానబ్బా" అని ఒప్పుకున్నాను. ఆయన, "అయ్యో! నేను నీ చేతులు చూసి కదబ్బా ఎత్తుతాండేది!" అన్నాడు. ఇద్దరం మసీదు గోడకు ఆనుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాము.

ఇప్పుడు రోజూ సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఆయనా, ఇంకో ఏడుగురూ మన కొట్టానికి వస్తున్నారు. నేను ముందు నిలబడతాను. మీ అమ్మ తలుపు వెనక నుంచి వింటుంది. నేను ఎక్కడన్నా తప్పితే గొళ్లెం చప్పుడు చేస్తుంది. నిన్న ఒక్కసారి కూడా చప్పుడు కాలేదు. ఈసారి అవసరం పడితే నేను నిలబడతానని పేష్ఇమాం గారికి నేనే చెప్పి వచ్చాను.

పైన రాసిందంతా మీ అమ్మది. ఒక్కటి మాత్రం నా సొంతమాట. నీయతుకు ముందు నువ్వు వాళ్ల వైపు తిరిగి, ఎట్ల చేయాల్నో గట్టిగా రెండుసార్లు చెప్పు. తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ కలిపి చెప్పు. ఎవరికి తెలియదో చెప్పమని మాత్రం అడగొద్దు. ఆ నలభై మందిలో నాలాంటివాడు ఒకడైనా ఉంటాడు. వాడు నోరు తెరిచి చెప్పడు.

ఇట్లు,
మీ అమ్మ దగ్గర నేర్చుకుని రాసిన
మీ నాయన
దస్తగిరి