రూతు ఒడ్డుకు చేరింది

అక్కా,

మన బొమ్మల కథలో, లోకమంతా సముద్రంలో మునిగిపోయాక పడవలో ఒంటరిగా మిగిలిన రూతును నడిసంద్రంలో వదిలేసి నువ్వు వెళ్లిపోయావు. కథ నేను రాయగలను గాని, బొమ్మలు నీవి కదా. చివరి భాగానికి నీ కూతురు కరుణ బొమ్మలు వేసింది. నిన్న అమలాపురంలో పుస్తకం విడుదలైంది.

కాట్రేనికోన నుంచి వచ్చిన ఒకావిడ పుస్తకం తెరవకుండానే, "ముందీ మాట చెప్పండి, ఆ పిల్ల ఒడ్డుకు చేరిందాండీ? ఇంటిల్లిపాదీ బెంగెట్టుకున్నామండీ" అని అడిగింది.

"ఆయ్, చేరిందండీ" అంది కరుణ. ఆవిడ అక్కడే చప్పట్లు కొట్టింది.

ఒడ్డున రూతును చెయ్యి పట్టి దింపే మనిషికి కరుణ నీ ముఖం పెట్టింది. ముక్కు కాస్త లావుగా వచ్చింది, అచ్చుకిచ్చే ముందు సరిచెయ్యమన్నాను.

"మా అమ్మ ముక్కు అంతే పిన్నీ!" అని నవ్వింది.

నీ చెల్లి