సంతోషమ్మకు కుట్టిన కార్డు

సెప్టెంబర్ 6, శనివారం

ఈ రోజు నాకు గ్రీటింగ్ కార్డు వచ్చింది. నలభై రెండేళ్లలో ఇదే మొదటిది.

పోయిన వారం క్యాథరిన్ టీచర్‌కు రెండు జాకెట్లు కుట్టిచ్చాను. ఈ రోజు స్కూటీ ఆపి, దిగకుండానే కార్డు చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మందం కాగితం మీద పసుపు దారంతో కుట్టిన చామంతి. కాగితం మీద కుట్టు! లోపల పెన్నుతో రాసింది: చంక దగ్గర బిగుసుకోని జాకెట్టు ఇన్నాళ్లకు తొడుక్కున్నాను, థాంక్యూ స్వర్ణలతా.

పుంగనూరులో ఇరవై ఏళ్లుగా కుడుతున్నాను. బాగా రాకపోతే తిరిగొచ్చి తిడతారు. బాగా వస్తే ఇంకో గుడ్డ తెస్తారు, అంతే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కార్డు చూసి ఏడ్చే మనిషిని నిన్నే చూస్తాండా అని మా ఆయన హనుమంతు నవ్వాడు. పోనీ, నవ్వుకోనీ.

కార్డు మిషన్ మీద నిలబెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. సంతోషమ్మ గుర్తొచ్చింది. ఆ సంగతి రేపు రాస్తాను.

సెప్టెంబర్ 7

రాయబుద్ధి కాలేదు.

సెప్టెంబర్ 9

సరే, రాసేస్తాను. ఎవరు చదువుతారు గనక.

జూన్‌లో మా అత్త యశోదమ్మ బాత్రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మదనపల్లెలో ఆపరేషన్, పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో. ఆ వార్డులో ఆయా సంతోషమ్మ. అరవైకి దగ్గర పడిన మనిషి. అత్తను పెద్దమ్మా అని పిలిచేది. పక్క మీద పుండ్లు పడకుండా గంట గంటకూ ఒత్తిగిలించేది. బెడ్‌పాన్ పెట్టేటప్పుడు అత్త సిగ్గుపడుతుందని ఏదో ఒక కథ చెప్పేది. ఆసుపత్రి ఉప్మా సహించక అత్త మొహం తిప్పుకుంటే, తన క్యారియర్‌లోంచి సంగటి ముద్ద తీసి పెట్టింది. అదేమీ ఆమె డ్యూటీ కాదు. నేను కొడుకు పరీక్షలనీ, పెళ్లిళ్ల జాకెట్లనీ రోజు విడిచి రోజు పోయేదాన్ని. నేను లేని రోజు నా బదులు ఉన్నది ఆమే.

పదిహేడో రోజు పోయేసరికి అత్త ముక్కుకు పుడక లేదు. నేను వార్డంతా వినబడేలా అరిచాను. ఈమెను ముట్టుకునేది నువ్వొక్కదానివే, నువ్వు గాక ఇంకెవరు తీస్తారు అన్నాను. అందరూ చూశారు. సంతోషమ్మ ఒక్క మాట అనలేదు. మర్నాడు డిశ్చార్జి. ఆమే వచ్చి అత్తకు తల దువ్వి, జడేసి పంపింది.

ఇంటికొచ్చిన నాలుగో రోజు అత్త ఆకూవక్కా పెట్టుకునే వక్కాకు సంచి నేను ఉతకబోతే లోపలి అరలో పుడక దొరికింది. అత్తను అడిగితే తెలీదంది. మతిమరుపు అనుకున్నాను.

మదనపల్లెకు బస్సులో గంట. ఆ రోజే పోయి చెప్పాల్సింది. రెండు నెలలు దాటిపోయింది.

సెప్టెంబర్ 13

క్యాథరిన్ టీచర్ ఇంట్లో శనివారం శనివారం కార్డుల క్లాసు. క్రిస్మస్‌కు చర్చిలో పంచడానికి చేస్తారట. నేనూ చేరాను. టైలర్‌నని గొప్పగా పోయి కూర్చున్నాను.

ముందు కాగితం కింద థర్మోకోల్ పెట్టి పిన్నుతో చుక్కలు పొడవాలి. తర్వాత ఆ రంధ్రాల్లోంచే దారం పోవాలి. నేను జాకెట్‌కు లాగినట్టు లాగాను. చిరిగింది. దారం తెంపడానికి పళ్లు పెట్టాను, అలవాటు కదా. కార్డు మూల నమిలినట్టయింది. ముడి వేశాను. ముడి వేయకూడదట, వెనకాల చిన్న టేపు ముక్కతో అంటించాలట. మూడు కార్డులు పాడయ్యాయి. టీచర్ తిట్టలేదు. ఆమెకు ఎంత ఓపికో.

గుడ్డ అయితే తప్పు కుట్టినా విప్పేసి, నీళ్లు చల్లి ఇస్త్రీ చేస్తే రంధ్రం మూసుకుపోతుంది. కాగితంలో ఒకసారి పొడిస్తే పొడిచినట్టే.

సెప్టెంబర్ 20

కార్డు మీద ఏం కుట్టాలి? టీచర్ దగ్గర ఇంగ్లీషులో థాంక్యూ నమూనా ఉంది. సంతోషమ్మ మీద అంత అరిచి, అదొక్కటే కుట్టి ఇస్తే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. కృతజ్ఞతలు అని గీసి చూశాను. ఒత్తులూ వట్రసుడీ ఒకదాని మీద ఒకటెక్కి పురుగుల్లా ఉన్నాయి. అయినా మా ఇళ్లల్లో ఆ మాట ఎవరంటారు?

చివరికి తేలింది. పైన: తప్పు నాది. లోపల పెన్నుతో: మీ మేలు మరవలేను.

టీచర్‌కు చూపించాను. ఇలాంటి కార్డు ఇంతవరకు ఎవరూ చేయలేదు అంది. ఎవరికని అడిగింది. జరిగిందంతా చెప్పాను. తన డబ్బాలోంచి మంచి పట్టు దారం, మెరూన్ రంగుది, తీసి ఇచ్చింది. ఇంకేమీ అడగలేదు. అందుకు ఆమెకు దండం పెట్టాలి.

సెప్టెంబర్ 24

నా అంత బుద్ధి లేని మనిషి ఇంకొకరుండరు.

టైలర్లం గుడ్డకు లోపలివైపు చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుంటాం. పైవైపు గీత కనబడకూడదు. అదే చేత్తో కార్డుకు కూడా వెనకవైపు అక్షరాలు గీసి, అటే పొడిచి, మూడు రోజులు కుట్టి, తిప్పి చూస్తే అక్షరాలన్నీ అటుదిటు! మా ఆయన దాన్ని తీసుకుపోయి బీరువా అద్దం ముందు పట్టి తీరిగ్గా చదివాడు. సంతోషమ్మకు కార్డుతో పాటు అద్దం కూడా ఇచ్చిరా అన్నాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

అత్త మాత్రం నవ్వలేదు. ఎవరికి ఇదంతా అని అడిగింది. సంతోషమ్మకు అన్నాను. వాకర్ పట్టుకుని లేచి లోపలికి పోయింది.

అక్టోబర్ 5

కార్డు పూర్తయింది. బాగా వచ్చింది. నేనే అంటున్నాను, బాగా వచ్చింది.

అక్టోబర్ 7, మధ్యాహ్నం 3

మదనపల్లె బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. సంతోషమ్మ అక్కడ లేదు. ఆగస్టులోనే పని మానేసి కుప్పంలో ఉన్న కూతురి దగ్గరికి పోయిందట. వార్డులో ఒక నర్సమ్మ ఫోన్ నంబరు రాసిచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. పట్టి ఉంటే ఇచ్చేది కాదేమో.

జూన్‌లో నేను అరిచాను. ఆగస్టులో ఆమె మానేసింది. నా వల్లేనా?

అక్టోబర్ 19

నంబరు నొక్కుతాను, రింగు కాకముందే కట్ చేస్తాను. ఇది ఆరోసారి. అరవడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

నవంబర్ 7

క్యాథరిన్ టీచర్ ఈ రోజు కార్డు గురించి అడిగింది. ఇంకా బ్యాగులోనే ఉందని చెప్పడానికి సిగ్గేసింది. కార్డు చేయడం పని కాదు స్వర్ణలతా, ఇవ్వడమే పని అంది. ఆమె ముందే ఫోన్ చేశాను. సంతోషమ్మే ఎత్తింది. పుంగనూరు స్వర్ణలతను, రేపొస్తాను అని మాత్రం అన్నాను. రా అమ్మా అంది.

నవంబర్ 8, రాత్రి

పొద్దున్నే బయలుదేరి, వి.కోటలో బస్సు మారి, పదకొండుకు కుప్పం చేరాను. రైల్వే స్టేషన్ వెనక సందులో రేకుల ఇల్లు. సంతోషమ్మ ఒళ్లో మూడు నెలల పసిపాప. కూతురి కాన్పు కోసమే పని మానేసిందట. ముప్పై ఏళ్లు చేశాను, ఇంక చాలనుకున్నాను అంది. నా వల్ల కాదని తెలిశాక గాని నేను కూర్చోలేదు.

ఆమె మొదట అడిగింది అత్త గురించే. నడుస్తోందా, మెట్లెక్కుతోందా, రాత్రుళ్లు నిద్ర పడుతోందా అని. టీ పెట్టించింది. నేను గ్లాసు పక్కన పెట్టి, కార్డు తీసి ఆమె ముందు పెట్టాను.

చేతులు కొంగుకు తుడుచుకుని, అంచులు పట్టుకుని తీసుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని పైది చదివింది. లోపలిది చదివింది. వెనక్కి తిప్పి, టేపు ముక్కలు కూడా వరసగా అంటించావే అంది. నేను ఏడ్చేశాను. పుడక ఇంట్లోనే దొరికిందనీ, దొరికి నాలుగు నెలలైందనీ, రాలేకపోయాననీ అంతా ఒక్క ఊపిరిలో కక్కేశాను.

ఆమె పాపను కూతురికిచ్చి లోపలికి పంపింది. అప్పుడు చెప్పింది. ఆ మాటలు ఆమె అన్నట్టే రాసుకోవాలి.

"మీ అత్తే తన సేత్తో ఊడదీసి, బాగా సూసుకుంటివని నాకిచ్చింది మా. నేను బంగారం పెట్టుకునేదాన్ని కాదు, వద్దంటే ఇనలా. ఆమె నిద్రపోయినాక కాగితంలో సుట్టి వక్కాకు సంచిలో పెట్టేసినా. నువ్వొచ్చి అరిసినప్పుడు ఉన్నమాట చెప్తే, ముసలామె నీతో మాట పడాల్సొస్తాదని గమ్మునుండిపోయినా."

అప్పుడు చూశాను. ఆమెకు ముక్కుకూ చెవులకూ ఏమీ లేవు. కుట్టించిన గుర్తు కూడా లేదు. వార్డుకు పోయినప్పుడల్లా ఆ మొహం నా ఎదురుగానే ఉంది.

బాధ కాలేదా అక్కా అని అడిగాను. ఎందుక్కాదు, ఆ పొద్దు అన్నం తినలేదు, రెండు రోజులు ఆ వార్డులో తలెత్తలేకపోయాను అంది. అబద్ధం చెప్పనందుకు ఆమెకు ఇంకో దండం. మధ్యాహ్నం అన్నం పెట్టింది. తినే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. అందులో మా అత్త పేరూ నా పేరూ వచ్చాయి. మా వాళ్లెవరూ నా పేరు చెప్పి దేవుణ్ని ఏదీ అడగగా నేను వినలేదు.

నవంబర్ 9, ఆదివారం

అత్తను అడిగాను. అరవకుండా అడిగాను. ఆమె ముందు నేల మీద కూర్చుని, సంతోషమ్మ అంతా చెప్పిందత్తా, ఆ రోజే నాకెందుకు చెప్పలేదు అన్నాను.

గోడ వంక చూస్తూ చెప్పింది. 

"నీ నోటికి భయపడి చెప్పలేదు సొర్ణా. ఆమె నాలుగు దినాలుండి పొయ్యేది. నేను బతకాల్సింది నీతోనే కదా."

నవంబర్ 10

ఏమీ కుట్టలేదు. పెళ్లివాళ్లు వచ్చి గుడ్డలు పెట్టి పోయారు. అత్తకు స్నానం చేయించాను. వీపు రుద్దుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఈమెకు నేనంటే భయం. పంతొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియలేదు. తల తుడిచి, సంతోషమ్మ వేసినట్టు జడ వేయబోయాను. నాకు అంత మెత్తగా రాలేదు. రోజూ వేస్తాను, వస్తుంది.

నవంబర్ 12

అత్త తనంతట తానే నా పిన్నూ థర్మోకోలూ అడిగింది. తుంటి విరిగినప్పటి నుంచి ఆమె వాకిట్లో కూర్చుని ముగ్గు పెట్టలేదు. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు, సందు చుక్క అని పైకి లెక్కపెట్టుకుంటూ కార్డు మీద పొడిచింది. మొత్తం ముప్పై ఏడు. స్కేలు లేదు, పెన్సిల్ లేదు, ఒక్క చుక్క పక్కకు పోలేదు. నేను ఇన్నాళ్లు క్లాసుకు పోయీ ఇలా పొడవలేను. దారం ఎటు తిప్పాలో ఆమె చెప్పింది, నేను కుట్టాను. ఇద్దరం ఒకే దీపం కింద.

లోపల ఏం రాయమంటావు అని అడిగాను. అత్తకు చదువు రాదు. రాసేదేం వద్దంది. నన్ను కుప్పం తీసుకుపో, నేనే చెప్పుకుంటా అంది.

నవంబర్ 15, ఉదయం 10.20

బస్సులోనే రాస్తున్నాను. వి.కోట దాటింది. కుదుపులకు అక్షరాలు వంకరపోతున్నాయి. అత్త కిటికీ వైపు తిరిగి, కార్డు ఒళ్లో పెట్టుకుని, పెదాలు కదుపుతోంది. సంతోషమ్మతో చెప్పాల్సిన మాటలనే మళ్లీ మళ్లీ అనుకుంటోంది. వినబడకూడదని నేను ఈ పక్కకు తిరిగి కూర్చున్నాను.