వెండెల్ బల్ల

ప్రియమైన వెండెల్,

నువ్వు ఆసుపత్రిలో ఇనప పెట్టెలో పడుకుంటే, నీ ఊపిరి అదే ఆడిస్తోందని టీచర్ చెప్పింది. అందరం నీకు ఉత్తరాలు రాస్తున్నాం.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన నాన్నలందరికీ ఒకేసారి పిల్లలు పుట్టారు కదా, మాలో సగం మందికి పొద్దున, సగం మందికి మధ్యాహ్నం బడి పెట్టినా బల్లలు చాలలేదు. సెప్టెంబరు నుంచీ మన పొద్దున బడిలో నేను కిటికీ గట్టు మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకునే రాశాను. నీకు పోలియో అని తెలియగానే గట్టు మీది వాళ్లమంతా నీ బల్ల నాకంటే నాకని చేతులెత్తాం. వ్యాసం బాగా రాశానని నీ బల్ల నాకిచ్చారు.

నిన్న మీ అమ్మ బడికొచ్చింది.

"మా వాడొస్తాడమ్మా, చోటుంచండి" అంది.

"చోటెక్కడుందండీ?" అంది టీచర్.

వెనక నుంచి రస్టీ, "ఆ పెట్టెతో సహా వస్తాడేమో, తలుపులో పట్టదు!" అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా.

కోలుకోవడం అనే మాట ఈమధ్యే నేర్చుకున్నాను. ఎంత మంచి మాటో! అందులో తొందరే లేదు. నువ్వూ తొందరపడకు. వచ్చినా మధ్యాహ్నం బడిలోనే చేరతానని మీ అమ్మతో కబురు చెయ్యి. మీ అమ్మ వెళ్లాక, నువ్విక రావని టీచర్ మాతో చెప్పింది. అయినా నీ నోటితో అంటే నాకు నిశ్చింత.

ఇట్లు,
నీ క్లాసు స్నేహితురాలు