గట్టు మీది గునుగు

నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి

మార్తమ్మకు, ప్రభువు నీకు తోడుండాలి. ఫోనులో చెప్పే మాటలు కావివి, అందుకే ఈ కార్డు. మన బిడ్డ సలోమి బాగానే ఉంది. మనవరాలు ఇంకా అద్దాల పెట్టెలోనే ఉంది, ఊపిరి కష్టంగా తీస్తోంది.

నిన్న వియ్యపురాలు నీలమ్మ బిడ్డను ‘గునుగమ్మా’ అని పిలిచింది. పుట్టి పోయిన ఇద్దరు పిల్లల వెనక పుట్టిన పిల్లకు కలుపు పువ్వు పేరు పెడితే చావు కన్ను పడదట. “బతుకమ్మలో పేర్చే పువ్వు పేరు నా మనవరాలికా? షారోను అని పిలవండి!” అని వార్డంతా వినబడేలా గద్దించాను. సలోమి లేచి కూర్చుంది. “బైబిల్ల నుంచి నువ్వు తీసి పెట్టిన పేర్లు రెండూ మట్టిలనే ఉన్నయి, నాయినా. గునుగు ఎంత పీకినా మల్ల మొలుస్తది. దీన్నన్న బతుకనియ్యి” అంది.

గ్రంథం తెరిచాను. అడవిపువ్వులను చూడమని ప్రభువు చెప్పిన చోట వేలు ఆగింది. ఆయన ఏ పువ్వునూ వెలివేయలేదు.

నీ పాత చీరలు రెండు ఉతికి పంపు, పసిదానికి మెత్తగా ఉంటాయి. మేకకు మందు తాపావా? పత్తిలో కలుపు తీసేవాళ్లు వస్తే, గట్టు మీది గునుగును మాత్రం ముట్టనివ్వకు, మన గునుగమ్మ ఇల్లు చేరేదాకా. సంఘంలో ఎవరైనా అడిగితే పీకవద్దన్నది నేనేనని చెప్పు.

ఇంటి మీద, చేను మీద ఆయన చేయి ఉండును గాక.

ఏలియా