సూటిగా అడిగిన మాట

పదకొండో తేదీ, ఆదివారం
లాండ్రీ షాపు వెనక గది

చిరంజీవి నాయనకు, నీ చెల్లెలి అత్తగారు ఆశీర్వదించి రాయించునది. ఇక్కడ మేమిద్దరం వేళకింత తిని బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బస్సు నడిపేవాడివి, కాళ్లు జాగ్రత్త.

నాకు అక్షరం ముక్క రాదు. అందుకే చెప్పి రాయిస్తున్నాను. నేను తిడితే ఆ తిట్టు కూడా తిట్టుగానే పడాలని రాసే చేతికి ముందే చెప్పాను.

శుక్రవారం వచ్చి చెల్లెల్ని తీసుకుపోతానని ఫోన్‌లో అరిచావు. మొగుడు పోయిన పిల్లని పట్టుకుని, చచ్చిపోవాలనుందా అని అడిగిన ముసలిదాని దగ్గర ఒక్క పూట ఉంచనన్నావు. అడిగాను నాయనా, కాదనను. చూడ్డానికి వచ్చిన నీ భార్య పక్కగదిలో దుప్పటి మడతపెడుతూ విన్నది. విన్నది సగం, మోసింది రెండింతలు. ఇక నా మాట విను.

నా కొడుకు పోయాక వారం వారం ఆసుపత్రి మేడమీద గదికి వెళుతున్నాం. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. వచ్చేవాళ్లంతా మాలాంటివాళ్లే. అక్కడ కౌన్సెలింగ్ చేసే అమ్మాయికి నా మనవరాలి వయసుంటుంది. మొదటి రోజే నా మాట సరిదిద్దింది. ఆత్మహత్య చేసుకున్నాడని నేరం చేసినట్టు చెప్పొద్దమ్మా, జబ్బుతో పోయాడన్నట్టే ఆత్మహత్యతో చనిపోయాడని అనండి, అంది. నాకు ఒళ్లు మండింది. మాట మారిస్తే నా బిడ్డ లేచొస్తాడా అని గయ్యిమన్నాను. ఆ పిల్ల ఉలకలేదు. రాడమ్మా, కానీ మీ కోడలు తలెత్తుకుని కూర్చుంటుంది, అంది. పక్కకి తిరిగి చూస్తే నీ చెల్లెలు నిజంగానే తలెత్తి ఉంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి చెప్పిందల్లా చెవిన పెట్టుకున్నాను.

అడిగే పద్ధతీ నేర్పింది. అనుమానమొస్తే ఒంటరిగా కూర్చోబెట్టి, చావు మాట దాచకుండా సూటిగా అడగమంది. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదంది. పిచ్చి ఆలోచనలేం లేవు కదా అని మాత్రం అడగొద్దంది. అలా అడిగితే మన మనసు నొప్పించలేక లేవనే అంటారట. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది అదే నాయనా. నిన్ను తప్పుపట్టను, నీకెవరూ నేర్పలేదు.

మరి నాకెందుకు అనుమానమొచ్చిందంటావా? షాపులో ఏ మూట ఎవరిదో చీటీ చదివి నీ చెల్లెలు చెబితేనే నాకు తెలిసేది. మొన్నామధ్య ఉన్నట్టుండి మూటలన్నిటికీ రంగు దారాలు కట్టింది. ఎర్రది పళ్ల డాక్టరుగారిది, పచ్చది టీచరమ్మది అని నాచేత అప్పజెప్పించుకుంది. ఇక నేను లేకపోయినా మీరు నడపగలరత్తయ్యా, అంది. ఎంత ముందుచూపో అని నీ భార్య మెచ్చుకుంది. నా గుండె ఝల్లుమంది.

ఇస్త్రీపెట్టె ఆపించి, ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను.

జవాబేమొచ్చిందో నేను చెప్పను. అది దానిది. నీ చెల్లెల్ని నువ్వు తీసుకుపోతానంటే అడ్డం పడను. కానీ ముందు మాతో ఆ మేడమీద గదికి రా. ఆ అమ్మాయి సరేనంటేనే బ్యాగు సర్దుతాం. ఈలోగా వాకిట్లో నిలబడి అరిచావో, బట్టలు తడిపే బకెట్ నీళ్లు నీ నెత్తిన పోస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరి వేలిముద్ర వేసిన
నీ చెల్లెలి అత్త

తా.క.: అన్నయ్యా, చేతిరాత చూడగానే రాసింది నేనని నీకు తెలిసే ఉంటుంది. అత్తయ్య చెప్పింది చెప్పినట్టే రాశాను. ఈ ముక్క నాది. ఆవిడకి చదివి వినిపించాను. నువ్వు అడిగిన ప్రతిసారీ లేదన్నాను. ఆవిడ అడిగినప్పుడు ఉందన్నాను. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. చెప్పులేసుకోమని చెప్పి, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లింది. మందులు వాడుతున్నాను, నిద్ర పడుతోంది. శుక్రవారం తప్పకుండా రా. వచ్చాక నువ్వూ అలాగే అడుగు. నీకూ నిజమే చెబుతాను.