బ్యాండ్ మాస్టర్ చేతులు కట్టుకుంటే

తమ్మీ నాగేందర్,

ఫోన్ల చెప్తే నవ్వుతవని రాస్తున్న. జాజ్ బ్యాండ్ పెట్టి దేశమంత తిరిగేటోనివి, మొదటిసారి నిజామాబాద్ వస్తున్నవని మన బోధన్ పెండ్లి బ్యాండోళ్లందర్నీ నీ కచేరికి తోల్కొచ్చుడే నేను చేసిన తప్పు. నువ్వు జెరసేపు సాక్సోఫోన్ ఊది, చేతులు కట్టుకొని పక్కకు నిలబడ్డవ్. మీ డ్రమ్ములాయన ఒక్కడే ఇష్టమొచ్చినట్టు వాయిస్తుంటే తల ఊపుకుంట ఇన్నవ్. బ్యాండుకు పెద్దోడు గట్ల నిలబడుడేందని నాకు ఒళ్లు మండింది.

మన డోలు భోజన్నకు మాత్రం అది మస్తు నచ్చింది. బాపు కాలం నుంచి మన క్లార్నెట్ ఎన్కనే కొట్టినోడు, మొన్న మోస్రా ఊర్ల పెండ్లి బరాత్‌ల "నువ్వు గూడ జెర ఆగు మాస్టర్" అన్నడు. పోనీ అని ఆగిన. గా మనిషి చేతులల్ల గంత ఉన్నదని ఇన్నేండ్లు నాకు ఎర్కలేదు తమ్మీ. పెండ్లిపిల్లగాడు గుర్రం దిగి ఎగిరిండు.

అయితే ఇంక ఆపుతలేడు! నేను క్లార్నెట్ నోట్ల పెడితే గుడ్లురుముతున్నడు. లగ్గం టైం దాటిపోయి పిల్ల తండ్రి నన్ను తిట్టిండు. ఐతారం నవీపేట్‌ల ఇంకో బరాత్ ఉన్నది. మీ డ్రమ్ములాయన్ను ఎట్ల ఆపినవో జెల్ది రాయి. తిట్టి ఆపుడు నాకు గూడ వస్తది గని, గా డోలు ఇన్నంక తిట్టబుద్ధి అయితలేదు.

నీ అన్న