వచ్చేదాకా టీచర్

చెల్లీ,

ఫొటో అందింది. నా తరగతి గది అంత కళగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. బోర్డు మూలన రోజుకొక లెక్క రాసి, దానికి ‘ఈరోజు ముడి’ అని పేరు పెట్టింది నేను. తెల్ల సుద్దతో రాసేదాన్ని. నువ్వు దాని చుట్టూ రంగు సుద్దలతో పూలూ తీగలూ వేశావు. పిల్లలు గంట కొట్టకముందే వచ్చి ముడి విప్పుతున్నారని హెడ్మిస్ట్రెస్ మేడమ్ ఫోన్ చేసి మరీ చెప్పారు. “మీ చెల్లెలు బంగారమండీ” అన్నారు. అవునండీ అన్నాను. ఆ పూట వంటలో ఉప్పు వేయడమే మరిచిపోయాను.

దాచి ఏం లాభం, నాకు కుళ్ళుగా ఉంది. నూనె రాసి జడలల్లి పెంచిన నీ మీదే. నిన్ను తాత్కాలికంగా నా కుర్చీలో కూర్చోబెట్టమని మేడమ్‌ని బతిమాలింది కూడా నేనేనాయె. అరిచి అరిచి గొంతు పోయినప్పుడు నాకు మాట తిరిగి తెప్పించిన స్పీచ్ థెరపిస్టును చూసి, ఆ పనే నేర్చుకుంటానని ఈ వయసులో దేశం దాటి వచ్చాను. అక్కడ నేను పెద్ద టీచర్ని. ఇక్కడ నాతో చదివేవాళ్ళంతా నా పాత విద్యార్థుల ఈడువాళ్ళు. చివరి బెంచీ నాది.

నిన్న ఇంకో ఘనకార్యం. పక్షవాతంతో మాట పడిపోయిన ఒక వడ్రంగి పెద్దాయనను ఆసుపత్రిలో నాకు అప్పగించారు. పాఠం అయ్యాక లేస్తూ, అలవాటుకొద్దీ ‘వెళ్ళొస్తాను’ అన్నదాన్నే వాళ్ళ భాషలోకి మార్చి అన్నాను. ఈ భాషలో వెళ్తే వెళ్ళడమే, వెనకాల రావడం ఉండదు. ఆయన నేను నిజంగానే ఇప్పుడే వస్తాననుకుని, కోటు తొడుక్కుని అలాగే కూర్చున్నాడు. కూతురు వచ్చి పిలిచినా కదల్లేదట. “మాటలు నేర్పడానికి వచ్చినవాళ్ళు ముందు మాట్లాడటం నేర్చుకోవాలి” అంది మా సూపర్‌వైజర్, అందరి ముందూ.

వచ్చే ఏడాదికి నా పోస్టు ఉంచాలో వద్దో నెలాఖరులోగా చెప్పమన్నారు మేడమ్. ఉంచమనే చెబుతాను. చదువు ఆపి వచ్చేస్తాను. నీకు ఇంకో బడి దొరకడం కష్టమేమీ కాదు, బంగారానివి కదా.

నీ అక్క

*

అక్కా,

రా. నీ కుర్చీ నీకే. రంగు సుద్దలు మాత్రం నావి, పట్టుకుపోతాను.

నువ్వు నా మీద కుళ్ళుకున్నావని చదివి నవ్వొచ్చింది. వెళ్ళే రోజు తరగతి గుమ్మంలో నిలబడి పిల్లలతో ‘వెళ్ళొస్తాను’ అన్నావట కదా. నేను లోపల అడుగుపెట్టగానే ముందు బెంచీ పిల్ల, “మీరు పెద్ద టీచర్ వచ్చేదాకేనా, టీచర్?” అని అడిగింది. అంతే, అప్పటి నుంచి నా పేరు వచ్చేదాకా టీచర్. ముద్దుగానే పిలుస్తారులే. “వచ్చేదాకా టీచర్, ముడి విప్పేశాం. చెరపకండి, పెద్ద టీచర్ వచ్చాక చూపించాలి” అంటారు. వాళ్ళు పొద్దున్నే పరిగెత్తుకొచ్చేది నా కోసం కాదక్కా. పూలెందుకు వేశాననుకున్నావ్? ఒక్కసారైనా నా వైపు చూస్తారేమోనని.

చిన్నప్పుడు నీ గౌన్లే నాకు. ఈ బడి కూడా నీ నుంచి వచ్చిందే. వదులుగా ఉన్నా తొడుక్కున్నాను. ఇప్పుడిప్పుడే ఒంటికి పడుతోంది. సరేలే, విప్పి ఇచ్చేస్తాను.

నీ చెల్లి

*

చెల్లీ,

నీ ఉత్తరం చదివి మొదట సంతోషించాను, పిల్లలు నన్ను మరిచిపోలేదని. నీ బాధ ఆ తర్వాత గాని కనపడలేదు. అదీ నీ అక్క.

ఈరోజు పెద్దాయన దగ్గరికి ఇదే ఆఖరుసారి అనుకుంటూ వెళ్ళాను. పాఠం అయ్యాక, మళ్ళీ తప్పు దొర్లకూడదని, అందరూ అనే వీడ్కోలు మాట ఒక్కటే అని లేచాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. మాట కూడదీసుకుని, వాళ్ళ భాషలోనే “వెళ్ళి” అన్నాడు. ఆగాడు. నుదుటి మీద చెమట పట్టింది. “వెళ్ళి రా” అన్నాడు. ఆ భాషలో పుట్టినవాళ్ళెవరూ అలా అనరు. అది నా తప్పు, నాకే తిరిగిచ్చాడు. మాట పడిపోయాక ఆయన రెండు మాటలు కలపడం ఇదే మొదలట. కూతురు ఏడ్చింది. సూపర్‌వైజర్ నాకో కుర్చీ జరిపింది.

పోస్టు నీకే ఇచ్చేయమని మేడమ్‌కి చెప్పాను. కుళ్ళు తగ్గిందనుకోకు. ఆ పూలు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అయినా రేపు పిల్లలతో చెప్పు, పెద్ద టీచర్ వెళ్ళిపోయింది, ఇక రాదని. మన ఇళ్ళలో నోటికి రాని మాటే, అయినా చెప్పు. విప్పిన ముళ్ళు నీకే చూపించమను. నీ పేరులోంచి ‘వచ్చేదాకా’ చెరిపెయ్. మిగిలింది నీ కొలతకు కుట్టిందే.

వెళ్ళిన అక్క